వాపు మిత్రమా, శత్రువా? – ఒక విద్యార్థిని పరిశోధన

జంషెడ్‌పూరు నగరమున సాక్చి బజారునకు సమీపముననే కాసిడీహ్ అను పేట కలదు. సాక్చి యన్నది ఒకప్పుడు చిన్న గ్రామము. అచ్చట నెలకొల్పిన కర్మాగారమునుండి 1912లో తొలి ఉక్కు దిమ్మె వెలువడినది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూరు అను పేరు వచ్చినది. ఉక్కు పనికై నానా ప్రాంతములనుండి వచ్చి స్థిరపడినవారిలో తెలుగువారును ఉన్నారు. వారి బిడ్డలు, బిడ్డల బిడ్డలు బడిలో హిందీ, ఇంగ్లీషు నేర్చి, ఇంట తెలుగు మాటలాడుచుందురు.

పాఠ సౌలభ్యమునకై, కాసిడీహ్‌లో నివసించుచు తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక తెలుగు బాలికను ఊహించుకొందము. ఆమె తమ్మునికి పదేండ్లు. ఒకనాడు వానికి హఠాత్తుగా జ్వరము వచ్చి, గొంతు నొప్పిచే గుటక వేయుట కష్టమైనది. తల్లి ఉప్పునీళ్ళతో పుక్కిలింపజేసి, జ్వరపు బిళ్ళ ఇచ్చినది. నాలుగు దినములలో తగ్గిపోయినది, అందరును మరచిరి. మూడు వారములు గడచిన పిమ్మట వాని కుడి మోకాలు వాచి, ఎఱ్ఱనై, ముట్టుకొననీయని నొప్పి పుట్టినది. రెండు దినములకు ఆ మోకాలు దానంతటదియే నెమ్మదించి, ఎడమకాలి చీలమండ వాచినది.

“ఆటలో ఎక్కడో పడియుంటాడే, చెప్పటం లేదు” అని తల్లి అనుకొన్నది. “పసుపు, సున్నము కలిపి పట్టు వేస్తాను, తెల్లారేసరికి లాగేస్తుంది” అని అమ్మమ్మ అన్నది. తండ్రి మందుల దుకాణమునుండి నొప్పి బిళ్ళ తెచ్చెను. బిళ్ళ వేసిన గంటకు వాడు లేచి తిరుగసాగెను. ఇంటిల్లిపాది ఊరట చెందిరి. బాలిక మాత్రము ఒక ప్రశ్న వేసినది: “పడితే ఒక కాలే వాచాలి కదా అమ్మమ్మా, ఈ వాపు ఆ కాలినుంచి ఈ కాలికి ఎలా నడిచింది?”

బడిలో వైజ్ఞానిక ప్రదర్శనకు ప్రతి విద్యార్థియు ఒక విషయమును ఎన్నుకొనవలసియుండెను. ఆమె నోటుపుస్తకమున రెండు ప్రశ్నలు వ్రాసికొన్నది. వాపు ఎందుకు వచ్చును? వాపును తగ్గించుట ఎల్లప్పుడును మంచిదేనా? మొదటి ప్రశ్నకు జవాబు గ్రంథములలో దొరకును. రెండవ ప్రశ్నపై తమ్ముని గుండె ఆరోగ్యము ఆధారపడియున్నదని ఆమెకు అప్పటికి తెలియదు.

తెలుగువారికి ఈ విషయము పేరులోనే తెలియును. సెగగడ్డ అను మాటను చూడుడు. సెగ యనగా వేడిమి. గడ్డ యనగా వాపు. రెండు లక్షణములు ఒక్క మాటలో ఇమిడియున్నవి. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమను రచయిత సెల్సస్ నాలుగు లక్షణములను లెక్కించెను: ఎఱ్ఱదనము, వాపు, వేడి, నొప్పి. తరువాతి వారు ఐదవదానిని చేర్చిరి. అది ఆ అవయవము తన పనిని తాను చేయలేకపోవుట. గోరుచుట్టు లేచిన వ్రేలితో అన్నము కలుపజూచిన వారికి ఐదింటికిని వేరే నిదర్శనము అక్కరలేదు. ఈ ఐదును కలిసిన స్థితిని ఆయుర్వేదమునుండి తీసికొన్న మాటతో శోథము అందురు. వ్యవహారమున వాపు అన్నను చాలును గాని, దెబ్బ తగులకయే, చీము పట్టకయే, పైకి వాపు కానరాకయే లోపలి అవయవములకు శోథము కలుగవచ్చును గనుక వేరొక మాట అవసరమైనది.

బహుకాలము వైద్యులు శోథమునే ఒక వ్యాధిగా భావించిరి. బ్రిటిషు శస్త్రవైద్యుడు జాన్ హంటర్ సైన్యమున పనిచేసి తుపాకి గాయములను పెక్కింటిని చూచినవాడు. ఆయన మరణానంతరము 1794లో వెలువడిన గ్రంథమున ఆ అభిప్రాయము తలక్రిందులైనది. శోథము వ్యాధి కాదు, దెబ్బకు శరీరమిచ్చు సమాధానము అని ఆయన నిర్ణయము. 1867లో జర్మనీలో యూలియస్ కోన్‌హైమ్ అను వైద్యుడు కప్ప ప్రేగులను ఆనుకొనియుండు పలుచని పొరను సూక్ష్మదర్శినిక్రింద పరచి గంటల తరబడి చూచుచు కూర్చుండెను. రక్తనాళములు వెడల్పైనవి, రక్తము మందగించినది, తెల్లకణములు నాళముల గోడలకు అంటుకొని, ఒక్కొక్కటిగా గోడలో దూరి వెలుపలికి పోయినవి. చీము అనునది ఎక్కడనుండి వచ్చునో ఆనాడు కంటికి కనబడినది.

అవి బయటికి పోయి చేయునదేమి? దీనికి సమాధానము 1882లో ఇటలీ దేశపు మెస్సీనా రేవున దొరికినది. రష్యా శాస్త్రజ్ఞుడు మెచ్నికాఫ్ అచ్చట సముద్ర నక్షత్రపు పిల్లలను పరిశీలించుచుండెను. అవి అద్దమువలె పారదర్శకములు. ఒకదానిలో ఆయన గులాబీ ముల్లు గ్రుచ్చి, మఱునాడు ఉదయము చూచెను. ముల్లు చుట్టును కదలాడు కణములు గుమిగూడి దానిని మ్రింగజూచుచుండెను. ఇట్టి వానికి భక్షక కణములని పేరు వచ్చినది. 1908లో ఆయనకు ఎర్లిఖ్‌తో కలిపి నోబెల్ బహుమానము లభించినది. గులాబీ ముల్లును, ఒక చిన్న ప్రాణిని, ఒక రాత్రి ఓపికను మించిన సాధనసంపత్తి ఆయనకు అప్పుడు అవసరము కాలేదని ఏ విద్యార్థియైనను గమనింపవచ్చును.

మన కాలిలో ముల్లు విరిగినపుడును జరుగునది ఇదియే. చర్మమునందు కాపలా కాయు కణములు హిస్టమిన్ మొదలగు రసాయనములను విడుచును. వానిచే సన్నని రక్తనాళములు విప్పారును. కావున ఎఱ్ఱదనము, వేడి. నాళములనుండి నీరు, మాంసకృత్తులు ఊరి వెలుపలికి వచ్చును, కావున వాపు. ప్రోస్టాగ్లాండినులు అను మఱికొన్ని పదార్థములు నాడుల కొనలను సున్నితము చేయును; కావున తాకిన నొప్పి. అవియే మెదడునందు ఉష్ణోగ్రతను నిర్ణయించు కేంద్రముపై పనిచేసి జ్వరము పుట్టించును. 1897 నాటికే తయారైన ఆస్పిరిన్ నొప్పిని, జ్వరమును, వాపును మూడింటిని ఎట్లు తగ్గించుచున్నదో 1971 వరకు ఎవరికిని తెలియదు. ఆ యేట జాన్ వేన్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు, ఆ మందు ప్రోస్టాగ్లాండినుల తయారీని అడ్డగించుచున్నదని చూపెను. అనగా నొప్పి బిళ్ళ ముల్లును తీయదు. ముల్లున్నదని చెప్పు గొంతును మాత్రము తగ్గించును. కాసిడీహ్ బాలిక తన పుస్తకమున ఈ సంగతిక్రింద రెండు గీతలు గీసికొన్నది.

ఆమెకు మొదట తోచిన పరిశోధన పసుపును గూర్చినది. ఇది సహజమే. అమ్మమ్మ పెట్టిన పట్టు కళ్ళయెదుటనే యున్నది. పసుపునకు ఒక వ్యాజ్యపు చరిత్ర కూడ కలదు. 1995లో అమెరికాలో, పసుపుచే గాయములు మాన్చుట అను పద్ధతికి ఒక విశ్వవిద్యాలయమునకు పేటెంటు హక్కు ఇయ్యబడినది. భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి, ఇది మా దేశమున తరతరములుగా ఇంటింట తెలిసినదే యని పాత గ్రంథములను సాక్ష్యముగా చూపి వాదించగా, 1997లో ఆ హక్కు రద్దైనది. ఇచ్చట ఒక సూక్ష్మమును గమనింపవలెను. ఆ తీర్పు పసుపు క్రొత్తది కాదని మాత్రమే చెప్పినది. పసుపు ఏ గాయమును ఎంత మాన్చునో ఆ తీర్పు తేల్చలేదు. అది తేల్చుట న్యాయస్థానముల పనియు కాదు.

పసుపునందలి కుర్కుమిన్ అను పదార్థము పరీక్షనాళికలలో శోథమును పుట్టించు కొన్ని చర్యలను అణచుట నిజమే. కాని తిన్న కుర్కుమిన్‌లో రక్తమునకు చేరునది మిక్కిలి స్వల్పము. నాళికలో జరుగునది మోకాలిలోను జరుగునని చెప్పుటకు వీలులేదు. పైగా పరీక్ష చేయుట ఎట్లు? పట్టు వేసిన వారు బాగుపడిరని చెప్పిన చాలదు, వేయకున్నను బాగుపడెడివారేమో. కావున పట్టు వేసిన వారిని, వేయని వారిని పోల్చవలెను. ఎవరికి అసలు మందు ఇచ్చితిమో, ఎవరికి ఉత్త పిండి ఇచ్చితిమో కొలుచువారికి తెలియరాదు. తెలిసినచో కోరుకొన్నదే కంటికి కనబడును. పసుపు విషయమున ఇది మఱింత చిక్కు. పట్టు వేసిన కాలు పచ్చనై యుండును గదా, కొలుచువానికి తెలియకుండుట ఎట్లు? శోథమునకు మొదటి గుర్తు ఎఱ్ఱదనము. ఆ ఎఱ్ఱదనమును పసుపురంగు కప్పివేయును. అమ్మమ్మ పట్టు తీసి “చూడు, ఎరుపు తగ్గింది” అన్నపుడు తగ్గినది ఎఱుపో, కనబడుటయో చెప్పజాలము. బజారు పసుపులో మెరుపునకై సీసము గల రంగును కల్తీ చేయుదురను భయమొకటి. తెగిన గాయముపై దానిని చల్లుట ఏ దృష్టితో చూచినను తగదు.

బాలిక ఈ చిక్కులను చూచి, పసుపును విడిచినది. మనుష్యులపై మందులు ప్రయోగించుట పాఠశాల విద్యార్థి పని కాదు. అంతర్జాతీయ విద్యార్థి వైజ్ఞానిక ప్రదర్శనల నియమముల ప్రకారము, మనుష్యులకు సంబంధించిన ఏ పరిశోధనకైనను ఆరంభమునకు ముందే ఒక సంఘము పరిశీలించి అనుమతి ఇయ్యవలెను. ఇంటివద్ద సూక్ష్మజీవులను పెంచుట నిషిద్ధము. గొంతులోని రసమును దూదితో తీసి గిన్నెలో పెంచి చూతమను కోరిక ఎందఱో విద్యార్థులకు పుట్టును. ఆ గిన్నెలో పెరుగునది ఏమియో తెలియదు గనుకనే అది ప్రమాదము.

విద్యార్థులు శోథమును గూర్చి నిజమైన పరిశోధన చేయలేరా? చేసినవారు కలరు. 2017లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు ఉన్నత పాఠశాల విద్యార్థిని, 17 ఏండ్ల ఇంద్రాణీ దాస్, ఆ దేశపు ప్రముఖ విద్యార్థి శాస్త్ర పోటీలో ప్రథమ బహుమానముగా 2,50,000 డాలర్లు పొందెను. ఆమె ఎన్నుకొన్నది మెదడునకు దెబ్బ తగిలినపుడు జరుగు వ్యవహారము. మెదడులో నాడీకణములకు ఊతమిచ్చు నక్షత్రాకారపు కణములు కలవు. దెబ్బ తగిలిన అవి ఉబ్బి, వృద్ధిచెంది, తమ నిత్యకృత్యమును చక్కగా చేయజాలవు. గ్లూటమేటు అను పదార్థమును పీల్చివేయుట వాని పనులలో ఒకటి. అది మిగిలిపోయి మితిమీరినచో నాడీకణములు చచ్చును. కాపాడవలసిన కణములే, కలవరపాటున, హానికి కారణమగుట శోథమున తరచుగా కనబడు సంగతి. ఒక సూక్ష్మ ఆర్.ఎన్.ఏ. తునకను చేర్చిన కణములనుండి వెలువడు అతి చిన్న తిత్తులను ఉపయోగించి, గ్లూటమేటు పీల్పును మెరుగుపరచవచ్చుననియు, నాడీకణములు ఎక్కువగా బ్రదుకుననియు ఆమె ప్రయోగశాలలో చూపినది. ఇది గిన్నెలోని కణములపై జరిగిన పని. రోగులకు మందు కాదు.

తెలుగు కుటుంబమునకు చెందిన 14 ఏండ్ల అనికా చేబ్రోలు, టెక్సాస్ రాష్ట్రమున ఫ్రిస్కో పట్టణమునుండి, 2020లో 25,000 డాలర్ల బహుమానము గెలిచెను. కోవిడ్ విషాణువు పైనుండు ముల్లు వంటి మాంసకృత్తునకు అతుక్కొనగల అణువును ఆమె కంప్యూటరుపై వెదకి ఎన్నినది. ఇదియు మందు కాలేదు. కాగలదేమో యని వెదకిన తొలి మెట్టు. పత్రికలు ఇట్టి వార్తలను మందు దొరికినట్లే ప్రకటించుట కలదు. పాఠకులు కొంత నిదానించి చదువుట మేలు.

వారికున్న ప్రయోగశాల గాని, మార్గదర్శకులు గాని కాసిడీహ్ బాలికకు లేకపోవచ్చును. అయినను ఆమె చేయదగిన పరిశోధన యొకటి కలదు; ప్రయోగశాల దానికి అక్కరలేదు. మన దేశమున 1993నుండి జరుగుచున్న జాతీయ బాలల సైన్సు కాంగ్రెస్ ఇట్టి పనులనే, అనగా తమ ఊరి సమస్యను తామే కొలిచి చూచుటనే, 10నుండి 17 ఏండ్ల బాలబాలికలకు నేర్పినది. ఆమె తన ప్రశ్నను మార్చుకొన్నది: మా పేటలో పిల్లలకు గొంతు నొప్పి వచ్చినపుడు ఇండ్లలో ఏమి చేయుదురు?

ఈ ప్రశ్న ఎందులకనగా, తమ్ముని మోకాలికిని వాని గొంతునకును సంబంధము కలదని సైన్సు మాస్టారు ఆమెకు చెప్పియుండెను. చెప్పుటతోనే ఆగక, “ముందు మీ నాన్నగారితో చెప్పి వాడిని ఆసుపత్రికి తీసుకువెళ్ళమనమ్మా, ప్రాజెక్టు తరువాత చేద్దువుగాని” అనియు అనెను.

గొంతు నొప్పులలో అధికభాగము విషాణువులచే వచ్చును. వానికి జలుబు, దగ్గు తోడుగా నుండును. యాంటీబయాటిక్ మందులతో పనిలేదు. కొన్ని మాత్రము స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవులలో ఏ-వర్గము వానిచే వచ్చును. హఠాత్తుగా జ్వరము, గుటక వేయలేని నొప్పి, మెడలో ముట్టుకొన్న నొప్పెట్టు బిళ్ళలు, దగ్గు జలుబు లేకుండుట – ఇవి ఈ రకమును అనుమానింపజేయును. తేల్చి చెప్పవలసినవాడు వైద్యుడు. ఇట్టి గొంతు శోథము వారము లోపల తగ్గిపోవును. చికిత్స లేకపోయినచో, కొందఱు పిల్లలలో, రెండు మూడు వారముల పిమ్మట రుమాటిక్ జ్వరము వచ్చును. ముఖ్యముగా 5నుండి 15 ఏండ్ల వారికి వచ్చు వ్యాధి ఇది. అప్పటికి సూక్ష్మజీవులు కీళ్ళలో గాని గుండెలో గాని లేవు. వానిని ఎదిరించుటకు శరీరము సిద్ధపరచిన ఆయుధములు, పోలికచే పొరబడి, స్వంత అవయవములపై తిరుగబడుచున్నవి. పెద్ద కీళ్ళు ఒకటి తరువాత ఒకటి వాచును. వాపు కుడికాలినుండి ఎడమకాలికి నడిచినది అందుకే. కొందఱి చేతులు కాళ్ళు తమ ప్రమేయము లేకయే ఆడుచుండును. బడిలో వ్రాత చెడును. ఉపాధ్యాయులు అల్లరియని దండించుటయు జరుగును.

కీళ్ళు పూర్తిగా బాగుపడును. గుండె సంగతి వేరు. లోపలి కవాటములకు శోథము కలిగినచో అవి మానునపుడు మచ్చ కట్టి, బిరుసెక్కి, సరిగా మూసికొనక గాని, సరిగా తెరచుకొనక గాని పోవును. ఇది రోగికి వెంటనే తెలియదు. ఎన్నో యేండ్లకు, మెట్లెక్కునపుడు ఆయాసముగానో, తొలి కాన్పులో ప్రాణాపాయముగానో బయటపడును. నొప్పి బిళ్ళలచే కీళ్ళ నొప్పి ఒక్క దినమున ఆశ్చర్యకరముగా తగ్గును. కవాటములను అవి కాపాడునని ఇంతవరకు రుజువు కాలేదు. కాసిడీహ్ ఇంట కలిగిన ఊరటలోని అపాయము ఇదియే. బిళ్ళ పనిచేయలేదని కాదు, మిక్కిలి చక్కగా పనిచేసినది. వైద్యుడు చూడవలసిన వాపు వైద్యుని చేరకముందే మాయమైనది.

దీనిని ఆరంభముననే ఆపవచ్చును. స్ట్రెప్టోకాకస్ గొంతు నొప్పి మొదలైన 9 దినములలోపుగా పెనిసిలిన్ చికిత్స జరిగినచో రుమాటిక్ జ్వరము చాలవరకు రాకుండ నివారింపబడును. వైద్యుడు పది దినములకు బిళ్ళలు వ్రాసియిచ్చినచో, మూడవనాటికి నొప్పి పోయినదని మానరాదు.

బాలిక పరిశోధనా విధానమును కొంత వివరింపవలెను. ఇందులో పెద్దవారును నేర్చుకొనదగినవి కలవు. “గొంతు నొప్పి వచ్చిన ఏమి చేయవలెనో మీకు తెలియునా?” అని అడిగినచో అందఱును “ఆసుపత్రికి వెళ్ళవలెను” అనియే చెప్పుదురు. పిల్ల ముందు తప్పు చెప్పుట ఎవరికిని ఇష్టముండదు. కావున, “పోయినసారి మీ ఇంట గొంతు నొప్పి ఎవరికి, ఎప్పుడు వచ్చినది? మొదటి దినమున ఏమిచ్చితిరి? తరువాత ఏమి చేసితిరి? మందు ఎన్ని దినములు వాడితిరి?” అని జరిగినదానిని అడుగవలెను. స్నేహితుల ఇండ్లను మాత్రమే అడిగిన స్నేహితుల సంగతియే తెలియును. వీధిలో ప్రతి ఐదవ ఇంటిని అడుగుట మేలు. తలుపు తీయని ఇంటిని వదలివేసి ప్రక్క ఇంటికి పోరాదు. మరల సాయంకాలము రావలెను. పగలు తాళము వేసియుండు ఇండ్లలో తల్లులిద్దఱును పనికి పోవువారై, వారి అలవాట్లు వేరుగా నుండవచ్చును. పేర్లు వ్రాయరాదు. ఇష్టము లేనివారిని రెట్టింపరాదు. ప్రశ్నలను ముందుగా మాస్టారునకు, బడి పెద్దలకు చూపి అనుమతి పొందవలెను. కాగితముపై హిందీలో, మాటలో హిందీ, తెలుగు, బెంగాలీ, ఎవరికేది వచ్చిన దానిలో అడుగవలసివచ్చును. “గొంతు నొప్పి”, “గొంతు గరగర”, “టాన్సిల్సు” అన్నవి మూడును ఒకటి కావని ఆమెకు పదవ ఇంటికే తెలిసిపోవును. అప్పుడు ప్రశ్నను సరిదిద్ది, ఆ పది ఇండ్లను మరల అడుగుట కష్టమే కాని, వేరే దారి లేదు.

ఒక ఇంట వాచిన కీలుతో కూర్చున్న బిడ్డ కనబడినచో? అచ్చట పరిశోధకురాలి పని ఆగిపోవును. పెద్దలకు చెప్పి, వైద్యునివద్దకు పంపుటయే ఆమె విధి. ఆ ఇంటి లెక్క చెడినను చెడనిమ్ము.

తగ్గక నిలిచిపోవు శోథములు వేరే యున్నవి. ఆమె తన పటమున ఒక మూల వానికిచ్చినది. జంషెడ్‌పూరు ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోనే తెల్లరాతిని పిండిచేయు కర్మాగారములలో పనిచేసినవారికి సిలికోసిస్ అను ఊపిరితిత్తుల వ్యాధి వచ్చినది. రాతి ధూళిని భక్షక కణములు మ్రింగును, అరిగించుకొనలేక చచ్చును, ధూళి బయటపడగా క్రొత్త కణములు దానిని మ్రింగి తామును చచ్చును. మెచ్నికాఫ్ చూచిన యుద్ధమే ఇది. అయితే ఇందులో శత్రువు చావదు. ఊపిరితిత్తి క్రమముగా మచ్చకట్టి బిగిసిపోవును. దీనికి మందు లేదు. ధూళి లేకుండ చేయుటయే మార్గము.

బోదకాలు మఱియొకటి. దోమకాటుచే ప్రవేశించు సన్నని పురుగులు లింఫు నాళములలో చేరగా అచ్చట కలుగు శోథమే కాలు ఉబ్బుటకు ఆరంభము. ఝార్ఖండ్‌లోను, ఆంధ్ర, తెలంగాణములలోను ఈ వ్యాధి నివారణకై ప్రజలందఱికి పంచు డై ఇథైల్ కార్బమజైన్ బిళ్ళ వెనుక ఒక తెలుగువాడున్నాడు. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలనుండి గట్టెక్కెను. సోదరులు స్ప్రూ అను ప్రేగువ్యాధిచే మరణించుట చూచినవాడు. అమెరికా చేరి, హార్వర్డులోను, తరువాత లెడర్లీ ప్రయోగశాలలోను పనిచేసెను. ఆయన నాయకత్వమున స్ప్రూ రోగులకు ఉపకరించు ఫోలిక్ ఆమ్లము 1945లో కృత్రిమముగా తయారైనది. 1947లో బోదకాలు మందు వెలువడినది. ఫోలిక్ ఆమ్లమునకు ప్రతికూలముగా పనిచేయు మందులును అచ్చటనే తయారైనవి. వానిలో మెథోట్రెక్సేటు కాన్సరునకేగాక, కీళ్ళను తినివేయు రుమటాయిడ్ శోథమునకు నేడు ప్రధానమైన మందు. 1948లో మరణించిన సుబ్బారావు ఆ ఉపయోగమును చూడలేదు.

అదే 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు మంచము దిగలేని కీళ్ళరోగికి కార్టిజోన్ ఇయ్యగా ఆమె కొలది దినములలోనే లేచి నడిచినది. రెండేండ్లకు నోబెల్ బహుమానము వచ్చినది. ఆ వెంటనే దాని దుష్ఫలితములును వచ్చినవి. ఈ స్టిరాయిడు జాతి మందులు శోథమును అణచునపుడు రక్షణను కూడ అణచును. 2020లో బ్రిటనులో జరిగిన గొప్ప పరీక్షలో డెక్సామెథాసోన్ అను స్టిరాయిడు, కృత్రిమ శ్వాసపైనున్న కోవిడ్ రోగులలో మరణములను మూడింట ఒక వంతు తగ్గించినది. ప్రాణవాయువు అవసరము లేని రోగులకు మాత్రము మేలు చేయలేదు. ఒకే మందు, ఒకే వ్యాధి. వేళ మారగా ఫలితము మారినది. 2021లో మన దేశమున అవసరము లేనివారు సైతము స్టిరాయిడులు వాడుటయు, అదుపులేని మధుమేహమును తోడై, నల్ల బూజు వ్యాధి విజృంభించుటకు దోహదము చేసినవి. దుకాణములలో కీళ్ళ నొప్పులకు ఇచ్చు పేరులేని పొట్లములలో ఈ మందు కలిసియుండవచ్చునని గుర్తెఱుగవలెను.

వర్షకాలమున జ్వరము వచ్చినపుడు డెంగ్యూ కాదని తేలువరకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి బిళ్ళలు వేయరాదు, రక్తస్రావమునకు దారితీయవచ్చును. పిల్లలకు వైద్యుడు చెప్పకుండ ఆస్పిరిన్ ఎన్నడును ఇయ్యరాదు.

తమ్ముని ఆసుపత్రికి తీసికొనిపోగా వైద్యుడు మొదట అడుగునది గొంతు సంగతియే. గుండెపై యంత్రముంచి వినును, రక్తపరీక్ష చేయించును. ఎఱ్ఱకణములు గొట్టములో ఎంత వేగముగా దిగునో చూచుట ఒకటి. సి-రియాక్టివ్ ప్రోటీన్ అను, 1930లో కనుగొన్న పదార్థమును కొలుచుట రెండవది. ఈ రెండును శరీరమున ఎక్కడనో శోథమున్నదని చెప్పునే గాని ఎక్కడనో, ఎందులకో చెప్పవు. స్ట్రెప్టోకాకస్ వచ్చిపోయిన జాడను తెలుపు పరీక్ష వేఱు. ధ్వని తరంగములతో గుండె కవాటములు ఆడుట తెరపై చూడవచ్చును. రుమాటిక్ జ్వరమని తేలినచో, మరల గొంతు నొప్పి వచ్చి గుండె రెండవసారి దెబ్బతినకుండ, బెంజాథిన్ పెనిసిలిన్ సూది మందు మూడు నాలుగు వారములకు ఒకసారి ఇయ్యవలెను. దీనికి కనీసము 5 సంవత్సరములు పట్టును. గుండెకు హాని కలిగియున్నచో ఇంకను ఎక్కువ కాలము. బిడ్డ ఆడుచు పాడుచు తిరుగుచుండగా నెలనెల సూది ఎందులకని పెక్కుమంది తల్లిదండ్రులు మధ్యలో మానివేయుదురు. ఆ సూది నొప్పిగా నుండుటయు నిజమే.

ప్రదర్శననాడు బాలిక పటముప్రక్కన బల్లపై ఒక గోడ క్యాలెండరు కూడ ఉంచినది. అందులో ఇరువదియొక్క దినములకు ఒకటి చొప్పున ఎఱ్ఱ సిరాతో సున్నలు చుట్టియుండెను. మొదటి రెండు సున్నలలో అడ్డగీత కొట్టియుండెను. మూడవ సూది వచ్చు మంగళవారమునకు.